చెరువుకున్న పుస్తకం మనిషికేదీ?



బై.పి.సి. చదివే వాణ్ణి "ఏమవుతావురా?" అని అడిగితే "డాక్టర్ని" అంటాడు. సీటు రాకపోతే నర్సింగు, ఫార్మసీ, లేదా మనలాగా బి.ఎస్సి. ఆసుపత్రిలో మరొక ఉద్యోగం ఉందని చాలామందికి తెలియదు. అది రోగి వివరాలను రాయించి, సరిచూసి, భద్రపరిచి, అడిగినప్పుడు అందించే ఉద్యోగం. 'కాగితాలు సర్దడమేగా' అని నేనూ అనుకున్నవాణ్ణే.

మాది కైకలూరు దగ్గర పల్లె. మా నాన్నగారు చేపల చెరువుల మీద గుమాస్తా. ఏ చెరువులో ఎంత పిల్ల వదిలారు, ఏ రోజు ఎంత మేత వేశారు, ఏ మందు చల్లారు, అన్నీ పుస్తకంలో రాస్తారు. చేప తేలిందంటే ముందు ఆ పుస్తకమే తిరగేస్తారు. రెండేళ్ళ క్రితం ఒక రాత్రి ఆయనకు జ్వరం, ఆయాసం వస్తే ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాం. "ఇదివరకు ఏ మందైనా పడలేదా?" అన్నారు డాక్టరుగారు. అంతకుముందు అక్కడే ఒక సూదిమందు పడక ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. దాని పేరు మాకెవరికీ గుర్తు లేదు. పాత కేసు షీటు ఎంత వెతికినా దొరకలేదు. అమ్మ బియ్యం డబ్బా వెనక దాచిన చీటీల సంచిని తమ్ముడు మోటారు సైకిలు మీద తెచ్చేసరికి గంటన్నర పట్టింది. చీటీలో మందు పేరుంది. నాన్నగారు గట్టెక్కారు. చెరువుకున్న పుస్తకం మనిషికి లేకపోయిందే అని ఆ రాత్రే నాకు తట్టింది.

ఒక్క మనిషి రికార్డు ఒక ప్రాణాన్ని కాపాడితే, అందరి రికార్డులూ కలిసి ఊరినే కాపాడతాయి. 2020 డిసెంబరు 5న ఏలూరులో జనం ఉన్నట్టుండి ఫిట్సు వచ్చి పడిపోసాగారు. కొద్ది రోజుల్లో దాదాపు 600 మంది ఆసుపత్రుల పాలయ్యారు. నీరా, గాలా, అంటురోగమా? రోగులు ఏ వీధివారు, ఇంట్లో ఎందరికి వచ్చింది, ఏ నీరు తాగారు అన్న వివరాలే తొలి ఆధారాలు. ఒక ఇంట్లో ఒకరిద్దరికే వచ్చింది కనుక అంటురోగంలా కనబడలేదు. మునిసిపల్ నీరు అందని చోట్ల కూడా రోగులున్నారు కనుక ఆ నీరొక్కటే కారణమనడానికీ వీలు లేకపోయింది. ఎయిమ్స్ పరీక్షల్లో కొందరి రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. డిసెంబరు 16 నాటి సమీక్షలో పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమని నిపుణులు అభిప్రాయపడ్డారు.

ఇక్కడే కోడింగు విలువ తెలుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి వ్యాధుల వర్గీకరణ పదవ కూర్పులో మూర్ఛరోగానికి జి 40, కారణం తేలని ఫిట్సుకు ఆర్ 56, పురుగుమందుల విషానికి టి 60 గుర్తులు. డాక్టరు 'ఫిట్సు' అని మాత్రమే రాసినప్పుడు కోడరు సొంత ఊహతో జి 40 వేయకూడదు. వేస్తే కొత్త ఉపద్రవం కాస్తా పాత జబ్బుల లెక్కలో కలిసిపోతుంది. 2022 జనవరి 1 నుంచి పదకొండవ కూర్పు కూడా అమల్లోకి వచ్చింది కాబట్టి ఈ వృత్తిలో చదువు ఆగదు.

ఈ పనికి ఇప్పుడు చట్టంలోనూ స్థానం ఉంది. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం పేర్కొన్న పది వర్గాలలో ఆరోగ్య సమాచార నిర్వహణ ఒకటి. పుదుచ్చేరి జిప్మర్, వెల్లూరు సి.ఎం.సి. మెడికల్ రికార్డుల శిక్షణకు పేరున్న సంస్థలు. శరీరశాస్త్రం, వైద్య పరిభాష, గణాంకాలు, కంప్యూటరు, రోగి గోప్యత ఇందులో ముఖ్య పాఠాలు. కేసు షీట్ల విభాగం, ఆరోగ్యశ్రీ, బీమా క్లెయిములు, ఆసుపత్రి సాఫ్టువేరు, ప్రజారోగ్య గణాంకాలు — ఇవన్నీ ఉద్యోగాలున్న చోట్లే. అయితే మూడు నెలల్లో ఉద్యోగం అనే బోర్డు చూసి డబ్బు కట్టకండి. సర్టిఫికెట్టు ఏ విశ్వవిద్యాలయం ఇస్తుందో ముందు అడగండి.

2021లో మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద 14 అంకెల 'ఆభా' సంఖ్య ఇస్తున్నారు. మంచిదే. కానీ సంఖ్య వచ్చినంత మాత్రాన పుస్తకం నిండదు. రాసేవాడు ఉండాలి, రాసింది నిజమై ఉండాలి. నేను డిగ్రీ కాగానే ఆ శిక్షణకే దరఖాస్తు పెడతాను. నాన్నగారితో చెబితే ఒక్కటే అడిగారు: "అంటే మనుషులకు గుమాస్తావన్నమాట?" అవునన్నాను. ఆయన నవ్వి, చెరువు పుస్తకం తీసుకుని గట్టు మీదికి వెళ్ళారు.