అమ్ముడైన ఒక్క కప్పు

ఇంట దుఃఖము ప్రవేశించినదని బిడ్డల ఆకలి ఆగదు. శోకించుటకును, పొయ్యి వెలిగించుటకును తల్లికి లభించునది ఒకే దినము. అట్టి తల్లికి కర్మాచరణము ఎట్లు ఊతయగునో చెన్నపట్టణమునందలి పెట్రీషియా నారాయణ్ జీవితము తెలుపుచున్నది.

వివాహజీవితము కష్టముల పాలు కాగా, ఆమె ఇద్దరు బిడ్డలతో పుట్టినిల్లు చేరెను. తల్లి ఇచ్చిన స్వల్పధనముతో ఊరగాయలు, జాములు చేసి విక్రయించెను. పిమ్మట ఒక తోపుడుబండి లభించెను. ఇద్దరు వికలాంగులకు పని నేర్పి తోడుంచుకొనవలెననుట దానికి నియమము. 1982లో మెరీనా తీరమున బండి నిలిపిన తొలిదినమున అమ్ముడైనది ఒక్క కప్పు కాఫీ. రాబడి 50 పైసలు. ఇక ఈ పని వలదని ఆమె నిరాశతో ఇల్లు చేరగా, ఒక్క కప్పైనను అమ్ముడుపోయినది కదా యని తల్లి ధైర్యము చెప్పెను. మరునాటి రాబడి వందల రూపాయలకు చేరెను. క్రమముగా కార్యాలయముల క్యాంటీనులు ఆమె నిర్వహణలోనికి వచ్చెను.

2004లో నూతనవధువైన కుమార్తె రోడ్డు ప్రమాదమున మరణించెను. తల్లి వ్యాపారమునుండి వైదొలగెను. కుమారుడు ఆ భారము వహించెను. 2006లో కుమార్తె స్మృత్యర్థము భోజనశాల వెలసెను. ప్రమాదము జరిగిన మార్గమున ఆమె ఒక అంబులెన్సును ఏర్పాటు చేసెను.

కర్మ ఆమె శోకమును తుడిచివేసెనని చెప్పజాలము. ఆ శోకము పరులకు ఉపకరించు మార్గమును మాత్రము అది చూపెను. కష్టదశలో వ్యాపారము సాగించు తల్లి, సాయంకాలమున మిగిలిన సరకును చూచి క్రుంగక, అమ్ముడైన ఆ ఒక్క కప్పును తలచుకొనుగాక! మరునాటి పొయ్యికి ఆ నిప్పు చాలును.