పంచాయతీ పాత బండి: మరమ్మతా, అమ్మకమా?

మే నెల మధ్యాహ్నము. ఊరిబోరు ఎండినది. నీళ్ళట్యాంకును మోసుకొని రావలసిన పంచాయతీ పికప్ బండి గుంతకల్లులో ఒక షెడ్డునందు ఇంజను విప్పి పడియున్నది. వీధిలో బిందెలు వరుస తీరియున్నవి. సర్పంచి ఫోనులో మేస్త్రీని అడుగును: "ఎంతవుతుందన్నా?" మేస్త్రీ ఒక అంకె చెప్పును. సర్పంచి ఒక్క నిమిషమైన ఆలోచింపక "సరే, కానీ" అనును.

ఇట్టి నిర్ణయమును మేము తప్పు పట్టుటలేదు. జనము నీటికై నిలిచియున్నపుడు వేరు దారి తోచదు. కాని ఆ ప్రశ్నకు సమాధానము మే నెలలో వెదకదగినది కాదు. జనవరిలో సభ కూర్చుండి, లెక్కపుస్తకము ముందుంచుకొని వెదకదగినది. పాత బండిని ఇంకను బాగుచేయించుచు ఉండవలెనా, అమ్మివేయవలెనా అనుదానిని పంచాయతీ సభ్యులు ఎట్లు తేల్చుకొనవచ్చునో ఈ పాఠమున వివరింతుము.

బండికి గల పని

అనంతపురము జిల్లాలో ఏడాదికి కురియు వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘములను పడమటి కనుమలు అడ్డగించును. తూర్పు తీరము దూరమగుటచే ఈశాన్యపు వానలును ఇచ్చటికి చేరునప్పటికి పలుచబడును. 1990 దశకమున శ్రీ సత్యసాయి త్రాగునీటి పథకమువలనను, 2019లో ఆరంభమైన జల జీవన్ మిషన్‌వలనను అనేక గ్రామములకు గొట్టముల ద్వారా నీరు వచ్చినది. అయినను బోరు ఎండినపుడు, మోటారు కాలినపుడు, గొట్టము పగిలినపుడు ట్యాంకరే దిక్కు. మిగిలిన దినములలో అదే బండి చెత్తను మోయును, వీధిదీపముల సామానును, బ్లీచింగు పౌడరును తెచ్చును.

కావున బండి పని ఏటేట మారుచుండును. వానలు బాగుగా పడిన ఏడు నీటికై కొద్ది ట్రిప్పులే పోవును. కరవు ఏటిలో రోజునకు నాలుగైదు ట్రిప్పులు తిరిగినను చాలదు. ఈ భేదమును గుర్తింపక ఒక్క ఏటి అనుభవముతో నిర్ణయించుట పొరపాటు.

బండి త్వరగా ముసలిదగుటకు కారణము

ఒక లీటరు నీటి బరువు ఒక కిలో. 2,000 లీటర్ల ట్యాంకును నింపినచో నీటి బరువే రెండు టన్నులు. ట్యాంకు బరువు వేరు. సాధారణమగు పికప్ బండికి అనుమతించిన బరువు రకమునుబట్టి ఒక టన్ను మొదలుకొని టన్నున్నర, అంతకు కొంచెము ఎక్కువ మాత్రమే. ఎంత బరువునకు అనుమతి కలదో ఆర్.సి. పుస్తకమును చూచి తెలిసికొనవచ్చును. హద్దు మీరి నింపిన ప్రతి ట్రిప్పును కమాన్ కట్టలను, క్లచ్చి ప్లేటును, బ్రేకులను అరగదీయును. సగము నిండిన ట్యాంకులో నీరు ముందువెనుకలకు ఊగి, బ్రేకు వేసినపుడు బండిని త్రోయును. ట్యాంకునుండి కారు నీటితో క్రింది ఇనుము తుప్పు పట్టును. వేసవి దుమ్ము గాలి ఫిల్టరును మూసివేయును. కావున మరమ్మతు ఖర్చు ఎక్కువైనపుడు మొట్టమొదట అడుగదగిన ప్రశ్న ఇది: బండి పాతదైనదా, లేక మనము బరువు మీరి నడుపుచున్నామా? రెండవదే నిజమైనచో కొత్త బండియు అయిదేండ్లలో ఇదే స్థితికి వచ్చును.

చట్టము విధించిన గడువు

సొంత బండి గల రైతునకు లేని ఒక నిర్బంధము పంచాయతీకి కలదు. 2023 జనవరిలో కేంద్ర ప్రభుత్వము ప్రకటించి, అదే సంవత్సరము ఏప్రిల్ 1 నుండి అమలుపరచిన నియమము ప్రకారము, ప్రభుత్వములకును, పురపాలక సంఘములు, పంచాయతీలు మొదలగు స్థానిక సంస్థలకును చెందిన బండ్ల నమోదు మొదటి రిజిస్ట్రేషను తేదీనుండి 15 సంవత్సరములకు ముగియును. దానిని తిరిగి పొడిగింపరు. గడువు మీరిన బండిని నమోదైన తుక్కు కేంద్రమునకే అప్పగింపవలెను.

ఈ నియమము లెక్కను మార్చివేయును. 14వ ఏట ఇంజను బోరు చేయించి లక్ష రూపాయలు పెట్టినచో ఆ ఇంజను ఇంకను ఆరేండ్లు నడువగలిగినను పంచాయతీకి ఒక్క ఏడే ఉపయోగపడును. మరియు గడువునకు ముందు నియమానుసారము వేలము వేసినచో నడచు బండి ధర రావచ్చును. గడువు తరువాత వచ్చునది తుక్కు ధర. కావున ఆర్.సి.లోని మొదటి నమోదు తేదీని నేడే చూచి, దానికి 15 ఏండ్లు కలిపి, ఆ తేదీని పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాసియుంచుడు.

సరుకుల బండికి ఎఫ్.సి. కూడ తప్పనిసరి. ఎనిమిదేండ్ల వయసు వరకు రెండేండ్లకొకసారి, ఆపైన ప్రతి ఏడు దానిని పొందవలెను. ఎఫ్.సి. లేని బండి చట్టము దృష్టిలో చెల్లునట్టి నమోదు లేనిదే యగును.

లెక్క వేయు విధము

మన రైతు సంతలో ఎద్దును అమ్మునపుడు అది ఇంతవరకు తిన్న మేతను లెక్కింపడు. దాని పండ్లు చూచి, రాబోవు కారులో ఎంత దున్నగలదో లెక్కించును. బండి విషయమునను ఇంతే. "నిరుడు ఎనుబది వేలు పెట్టితిమి, ఇప్పుడు అమ్మినచో అది వృథా కాదా?" అని సభలో వినబడు మాట సరియైనది కాదు. పెట్టిన డబ్బు పోయినది. ఇకముందు పెట్టవలసినది మాత్రమే లెక్కకు వచ్చును.

ఒక ఉదాహరణము తీసికొందము. ఈ అంకెలు లెక్క నేర్పుటకు మేము కల్పించినవి; మీ ఊరి అంకెలను వీని స్థానమున వేసికొనుడు.

బండి వయసు 13 ఏండ్లు. ఇంక రెండేండ్లు మిగిలినవి. ఇప్పుడు అమ్మినచో రూ. 1,10,000 వచ్చును, రెండేండ్ల తరువాత తుక్కు ధర రూ. 35,000. అనగా ఉంచుకొన్నందువలన పోవు విలువ రూ. 75,000. టైర్లు, బ్రేకులు, చిల్లర మరమ్మతులు, బీమా, ఎఫ్.సి. కలిపి ఏటికి రూ. 70,000 చొప్పున రెండేండ్లకు రూ. 1,40,000. ఇంజను బోరు చేయించుటకు రూ. 1,20,000. మొత్తము రూ. 3,35,000, ఏటికి రూ. 1,67,500.

ఇంజను ఇంకను నడచుచుండి, బోరు పని అవసరము లేనిచో మొత్తము రూ. 2,15,000, ఏటికి రూ. 1,07,500.

కొత్త బండి ధర రూ. 9,50,000 అనుకొందము. పదేండ్లు వాడి రూ. 2,00,000కు అమ్మినచో పోవు విలువ ఏటికి రూ. 75,000. పోషణ, బీమా సగటున ఏటికి రూ. 65,000. మొత్తము ఏటికి రూ. 1,40,000.

ఇక అద్దె ట్యాంకరు. డీజిలు, డ్రైవరుతో సహా ట్రిప్పుకు రూ. 900 అనుకొందము. సొంత బండికి డీజిలు, డ్రైవరు కూలి ట్రిప్పుకు రూ. 350. అనగా అద్దెకు ట్రిప్పుకు రూ. 550 ఎక్కువ. పైన చూపిన ఏటి ఖర్చులను ఈ 550తో భాగించినచో, ఏడాదికి ఎన్ని ట్రిప్పులు దాటిన తరువాత సొంత బండి లాభమగునో తెలియును. బోరు పని లేని పాత బండికి సుమారు 195 ట్రిప్పులు. కొత్త బండికి 255. బోరు చేయించిన పాత బండికి 305.

దీని భావమేమి? ఈ పంచాయతీకి ఏడాదికి 150 ట్రిప్పులే ఉన్నచో బండిని అమ్మి అద్దె చూచుకొనుట మేలు. 200 దాటి, ఇంజను బాగున్నచో చిన్న మరమ్మతులతో గడువు వరకు నడుపవచ్చును. ఇంజను విప్పవలసిన స్థితి వచ్చినచో బోరు చేయించుట లాభము కాదు: 255 లోపు ట్రిప్పులు గల ఊరు అద్దెకు, అంతకు మించిన ఊరు కొత్త బండికి పోవలెను. అయితే కొత్త బండిని అప్పు తెచ్చి కొన్నచో వడ్డీని కూడ కలుపవలెను. ఈ ఉదాహరణమున వడ్డీ సగటున ఏటికి రూ. 27,500 మించినచో పాత ఇంజను పనియే చవుక యగును.

రూపాయలకందని సంగతులు

లెక్క ఒక్కటియే చాలదు. మొదటిది ప్రాణము. ఛాసీ పగిలినను, అతుకు వేసినచోటనే మరల విరిగినను, బ్రేకులు పదేపదే విఫలమగుచున్నను ఆ బండి ఎంత చవుకగా నడచినను నిలిపివేయవలెను. ట్యాంకరు పోవునది బడి పిల్లలు నడచు వీధులలోనే. బీమా లేని బండి ప్రమాదమునకు కారణమైనచో పరిహారపు భారము పంచాయతీ నిధిపై పడును. ఒక్క తీర్పుతో అనేక సంవత్సరముల పన్నుల రాబడి పోవచ్చును.

రెండవది అద్దె దొరకుట. కరవు వచ్చినపుడు ఒక్క ఊరికే రాదు. చుట్టుప్రక్కల ఊళ్ళన్నియు ఒకే వారములో ట్యాంకర్లకై పోవును, ధర పెరుగును. తొలకరి పడగానే ట్రాక్టర్లు విత్తనమునకు పొలములకు మరలును. ఆ చినుకులతో బోరులో నీరు వెంటనే ఊరదు. అద్దెపై ఆధారపడదలచిన పంచాయతీ ఫిబ్రవరిలోపుననే కొటేషనులు పిలిచి, ట్రిప్పు ధరను వ్రాతపూర్వకముగా నిర్ణయించుకొనవలెను. మే నెలలో వెదకుట చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుటయే.

మూడవది బండి నిలిచిన దినములు. ఏడాదిలో ఎన్ని దినములు షెడ్డులో ఉన్నది, అందు ఎన్ని ఏప్రిల్, మే నెలలలో పడినవి అని వ్రాసియుంచుడు. సెప్టెంబరులో పది దినములు నిలిచిన బండియు, మే నెలలో పది దినములు నిలిచిన బండియు ఒకటి కావు.

రైలు షెడ్డు నేర్పు పాఠము

గుంతకల్లు, గుత్తి పట్టణములలోని రైలు ఇంజనుల షెడ్లను మన ప్రాంతమువారందరు ఎరుగుదురు. అచ్చట ఇంజను చెడిపోవువరకు ఎవరును వేచియుండరు. ఇన్ని దినములకు, ఇన్ని నెలలకు ఇది చూడవలెనని పట్టిక యుండును; చూచినది, మార్చినది వ్రాయుదురు. ప్రయాణికుల పెట్టెలకును ఆయుర్దాయము ముందే నిర్ణయించియుండును. పాతకాలపు నీలిరంగు పెట్టెలకు అది 25 సంవత్సరములు. ఆయువు తీరినవానిని వేలము వేయుదురు. ఇంత పెద్ద సంస్థ పాటించు పద్ధతిని ఒక్క బండి గల పంచాయతీ పాటించుట కష్టమేమియు కాదు. ఒక నోటుపుస్తకము చాలును: తేదీ, ట్రిప్పు, కిలోమీటర్లు, డీజిలు, మరమ్మతు, నిలిచిన దినములు. పై లెక్కకు కావలసిన అంకెలు ఈ పుస్తకమునుండియే రావలెను గాని, మేస్త్రీ నోటినుండియు, డ్రైవరు జ్ఞాపకమునుండియు కాదు.

అమ్మదలచినచో

పంచాయతీ బండి ఊరందరి ఆస్తి. సభలో తీర్మానము చేసి, ఏ అధికారి అనుమతి కావలెనో మండల పరిషత్తు కార్యాలయమున తెలిసికొని, విలువ కట్టించి, ఊరిలో ప్రకటించి, బహిరంగ వేలము వేయవలెను. తెలిసిన లోపములను కొనువానికి చెప్పుట ధర్మము. డబ్బు చేతికి వచ్చుటతో పని ముగియదు. రాష్ట్రములోనే అమ్మినచో 14 దినములలోపల యాజమాన్యపు మార్పును రవాణా శాఖకు తెలుపవలెను. రిజిస్టరులో పేరు మారనంతవరకు ప్రమాద పరిహారమునకు నమోదైన యజమానియే బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కొనినవాడు పేరు మార్చుకొనినాడా లేదా అని విచారించి, ఆ కాగితపు నకలును దస్త్రములో ఉంచుడు.

సభలో చర్చించుటకు

1. మన బండి మొదటి నమోదు తేదీ యేది? 15 ఏండ్లు నిండుటకు ఎంత కాలమున్నది?

2. గడచిన మూడేండ్లలో, అందులో కరవు ఏటిలో, ఎన్ని ట్రిప్పులు తిరిగినది?

3. వేసవిలో ఎన్ని దినములు షెడ్డులో నిలిచినది?

4. ఎంత మొత్తము మించిన మరమ్మతును సభ తీర్మానము లేక చేయించరాదు?

5. బండి లేని దినమున నీరు ఎవరు తెచ్చెదరు? ఆ ఒప్పందము కాగితముపై ఉన్నదా?

ఈ అయిదు ప్రశ్నలకు సమాధానములు వ్రాసికొన్న పంచాయతీ ఏ నిర్ణయము చేసినను, అది తెలిసి చేసిన నిర్ణయమగును. నాలుగవ ప్రశ్నకు ఒక అంకెను ముందే తీర్మానించియుంచినచో, మే నెల మధ్యాహ్నమున షెడ్డునుండి ఫోను వచ్చినపుడు సర్పంచి ఒంటరిగా సమాధానము చెప్పవలసిన అగత్యము ఉండదు.