నిత్యవ్యాయామం: నియమం నిలవాలంటే మార్పు కావాలి



ధర్మసాధనకు శరీరమే తొలి ఉపకరణమని మన పెద్దలు తరచుగా చెప్పే మాట కాళిదాస మహాకవి కుమారసంభవంలోనిది. ఆ మాట పుట్టిన సందర్భాన్ని మాత్రం మనం అంతగా గుర్తుంచుకోము. కఠోర తపస్సులో ఉన్న పార్వతీదేవిని పరీక్షించడానికి పరమశివుడు బ్రహ్మచారి వేషంలో వస్తాడు. “నీ శక్తికి తగినట్లే తపస్సు చేస్తున్నావు కదా?” అని అడుగుతూ శరీరం విలువను గుర్తుచేస్తాడు. అంటే, శరీరాన్ని సాధనకు వినియోగించాలన్నదే కాదు, దాని శక్తిని ఎరిగి వినియోగించాలన్నది కూడా అందులోని ఉపదేశమే. నిత్యవ్యాయామానికి ఇంతకంటె మంచి ప్రారంభసూత్రం లేదు.

ఆరంభశూరత్వం ఎందుకు?

విఘ్నభయంతో పని మొదలుపెట్టనివారు, మొదలుపెట్టి ఆటంకం రాగానే విడిచేవారు, ఎన్ని ఆటంకాలు వచ్చినా విడువనివారు అని భర్తృహరి మనుష్యులను మూడు తెగలుగా చెప్పాడు. వ్యాయామం విషయంలో మనలో అధికులు రెండవ తెగవారు. వైద్యుడు మధుమేహమనో రక్తపోటనో హెచ్చరించిన మరునాడే కొత్త బూట్లు కొంటారు; నెల తిరగకుండానే అవి మూలకు చేరుతాయి. ఇందుకు సంకల్పబలం లేకపోవడమే కారణమని నిందించుకోవడం సరికాదు. తరచి చూస్తే మూడు కారణాలు కనిపిస్తాయి.

మొదటిది అతి. ఉత్సాహంలో తొలిరోజే గంటసేపు పరుగెత్తినవారికి మరునాడు కాళ్ళు కదలవు. వ్యాయామం శక్తిలో సగం మేరకే చేయాలనీ, అదికూడా బలవంతులు శీతకాలంలోను వసంతంలోను మాత్రమేననీ, ఇతర కాలాలలో ఇంకా తగ్గించాలనీ వాగ్భటుడు అష్టాంగహృదయంలో నియమించాడు. నుదుట చెమట పట్టి, ఊపిరి నోటితో తీయవలసి వచ్చినపుడు సగం శక్తి ఖర్చయినట్లు ఆయుర్వేదం గుర్తుచెబుతుంది. నేటి వైద్యులు చెప్పే కొలత కూడా దీనికి దగ్గరలోనే ఉంది: నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. నామస్మరణ సాగుతూ, కీర్తన పాడడం కష్టమయ్యే వేగమే చాలామందికి తగిన వేగం.

రెండవది విసుగు. రోజూ అదే దారి, అదే దూరం, అదే వేగమైతే మనస్సు మొదట అలసిపోతుంది. పైగా శరీరం ఆ శ్రమకు అలవాటుపడి, కొన్ని వారాల తరువాత తొలినాళ్ళలో కనిపించిన అభివృద్ధి కనిపించదు. ఒకే కీళ్ళపై, ఒకే కండరాలపై భారం పడుతూ నొప్పులు మొదలవుతాయి.

మూడవది గమ్యం లేకపోవడం. “ఆరోగ్యం కోసం” అన్నది మంచి ఉద్దేశమే కాని, తెల్లవారుజామున దుప్పటి తొలగించేంత బలం దానికి ఒక్కొక్కప్పుడు చాలదు.

మండలం తరువాత ఏమిటి?

అయ్యప్ప దీక్ష స్వీకరించినవారు 41 రోజులు వేకువనే లేచి చన్నీటి స్నానం చేస్తారు, మితాహారం పాటిస్తారు, పాదరక్షలు లేకుండా నడుస్తారు. అంతవరకు ఏడు గంటలకు కూడా లేవనివారు సైతం ఇది చేయగలుగుతారు. దీక్షలో నిర్ణీత సమయం ఉంది, తోడుగా గురుస్వామి, సాటి స్వాములు ఉన్నారు, ఎదుట యాత్ర అనే గమ్యం ఉంది. వ్యాయామానికి కూడా ఈ మూడే ఆధారాలు.

అయితే దీక్ష విరమించిన పిమ్మట ఆ వేకువ మేలుకొలుపు ఎంతమందిలో నిలుస్తున్నది? ఒక అలవాటు అప్రయత్నంగా సాగే స్థితికి రావడానికి ఎన్నాళ్ళు పడుతుందో లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు పరిశీలించి 2010లో ప్రకటించారు. సగటున 66 రోజులు పట్టింది. వ్యక్తిని బట్టి, అలవాటును బట్టి అది 18 రోజుల నుండి 254 రోజుల వరకు మారింది. అందువల్ల ఒక మండలంతోనే పని పూర్తయిందనుకోరాదు; మరొక మండలం కొనసాగించాలి. ఆ పరిశీలనలో తేలిన మరొక విషయం మనకు గొప్ప ఊరట: మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోలేదు. ఒకరోజు తప్పడం దోషం కాదు. తప్పింది కదా అని విడిచిపెట్టడమే దోషం.

వైవిధ్యం మన సంప్రదాయమే

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వెలువరించిన సూచనల ప్రకారం పెద్దలు వారానికి 150 నుండి 300 నిమిషాలు మధ్యస్థమైన శ్రమ చేయాలి. కండరాలకు బలమిచ్చే వ్యాయామం వారంలో కనీసం 2 రోజులు ఉండాలి. 65 ఏళ్ళు దాటినవారు పడిపోకుండా ఉండేందుకు, శరీరపు నిలకడను పెంచే అభ్యాసాలు 3 రోజులైనా చేయాలి. నడక ఒక్కటే ఈ అన్నింటినీ తీర్చలేదు.

మన పల్లెలలో ఈ వైవిధ్యం సహజంగానే ఉండేది. దమ్ముకు చెడుగుడు, బలానికి దండాలు, బస్కీలు, సంగిడిరాళ్ళు, ఒడుపుకు కర్రసాము, లయకు కోలాటం, చెక్కభజన. ఉత్సవాల వేళ ఊరేగింపు ముందు కోలాటం వేసే వృద్ధమాతలను చూడండి: అడుగు, చేయి, చూపు, తాళం అన్నీ ఒక్కసారిగా పనిచేస్తాయి. శరీరపు నిలకడకు ఇది చక్కని అభ్యాసం. వీరఘట్టంలో జన్మించి ‘కలియుగ భీమ’ బిరుదు పొందిన కోడి రామమూర్తి నాయుడుగారు మల్లవిద్యతో పాటు ప్రాణాయామాన్ని కూడా సాధించారు. కండబలానికి ఊపిరిబలం తోడు కావాలన్నది ఆయన జీవితం చెప్పే పాఠం.

కొత్త విద్య నేర్చుకోవడం కూడా ఉత్సాహాన్ని నిలుపుతుంది. 1963లో విడుదలైన ‘నర్తనశాల’లో బృహన్నల పాత్ర కోసం నందమూరి తారక రామారావుగారు కూచిపూడి నృత్యం అభ్యసించారు. అప్పటికి ఆయన వయస్సు నలభైకి చేరువలో ఉంది. ఎదుట ఒక ప్రయోజనం, పక్కన ఒక గురువు ఉంటే వయస్సు అడ్డు కాదు.

ఒక వారపు క్రమం

వెంగళరావు నగర్, యూసుఫ్‌గూడ ప్రాంతవాసులకు అందుబాటులో ఉన్న వసతులతో ఒక నమూనా క్రమాన్ని ఇక్కడ ఇస్తున్నాము. ఇతర ఊళ్ళవారు తమ పరిసరాలకు తగినట్లు మార్చుకోవచ్చు.

సోమవారం: కృష్ణకాంత్ పార్కులో 30 నిమిషాల చురుకైన నడక.

మంగళవారం: ఇంటివద్ద సూర్యనమస్కారాలు, శక్తిమేరకు బస్కీలు. మోకాళ్ళ నొప్పులున్నవారు కుర్చీపై కూర్చుని లేవడం 10 సార్లు.

బుధవారం: ఇరుగుపొరుగువారితో షటిల్ గాని, కోలాటం గాని 30 నిమిషాలు.

గురువారం: గోడను ఆనుకుని దండాలు, గోడ దగ్గరే నిలిచి ఒంటికాలిపై నిలుపు, ప్రాణాయామం.

శుక్రవారం: రెండు నిమిషాలు వేగంగా, రెండు నిమిషాలు నెమ్మదిగా మార్చి మార్చి 30 నిమిషాల నడక.

శనివారం: ఆలయంలో నిదానంగా ప్రదక్షిణలు, తేలికపాటి ఆసనాలు. ఇది విశ్రాంతి దినం.

ఆదివారం: కుటుంబంతో కలిసి జూబ్లీహిల్స్‌లోని కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనంలో గంటసేపు నడక. 1998లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించబడిన ఆ వనంలో నెమళ్ళు, రాళ్ళగుట్టలు, ఎగుడుదిగుడు బాటలు ఉన్నాయి. చదును నేలకు అలవాటుపడిన కాళ్ళకు అవి కొత్త పని కల్పిస్తాయి.

సోమ, బుధ, శుక్ర, ఆదివారాలు కలిపితే 150 నిమిషాలు పూర్తవుతాయి. నెలకొకసారి క్రమంలో ఏదో ఒక్క అంశాన్ని మాత్రమే మార్చండి. అన్నీ ఒకేసారి మారిస్తే అలవాటు కుదురుకోదు. ఏదీ మార్చకుంటే ఆసక్తి నిలువదు.

గమ్యంగా యాత్ర

భక్తులకు అన్నిటికంటె బలమైన ప్రేరణ యాత్రయే. అలిపిరి మార్గంలో 3550 మెట్లు, శ్రీవారి మెట్టు మార్గంలో 2388 మెట్లు ఉన్నాయి. అంతస్తుకు 20 మెట్ల చొప్పున లెక్కిస్తే మొదటిది సుమారు 177 అంతస్తులు, రెండవది దాదాపు 120 అంతస్తులు. ఏడాదంతా లిఫ్టులో తిరిగి, మొక్కు ఉన్నదని ఒక్కరోజున ఈ మెట్లెక్కడం గుండెకు అపాయకరం కావచ్చు. ఆలయానికి చేరవలసినవారు మార్గమధ్యంలో ఆసుపత్రి పాలైతే ఆ కుటుంబం పడే వేదన ఎంతటిదో ఊహించండి.

కనుక కనీసం మూడు నెలల ముందే సిద్ధం కండి. మొదటివారం రోజు విడిచి రోజు 5 అంతస్తులు నిదానంగా ఎక్కండి. ఇబ్బంది లేకుంటే వారానికి రెండేసి అంతస్తులు పెంచండి. దిగేటప్పుడు మోకాళ్ళపై భారం ఎక్కువ కనుక ఆసరా పట్టుకుని దిగండి. హృద్రోగం, రక్తపోటు, మధుమేహం, ఉబ్బసం ఉన్నవారు, అరవై దాటినవారు వైద్యుని అనుమతి లేనిదే పూనుకోరాదు. ఎదలో బరువు, చేతికి లేదా దవడకు పాకే నొప్పి, తలతిరుగుడు, మామూలుకు మించిన ఆయాసం కలిగితే వెంటనే ఆగి సహాయం కోరాలి. వైద్యుడు వద్దన్నవారు వాహనంలో వెళ్ళి దర్శించుకున్నంత మాత్రాన భక్తికి లోటు లేదు.

వేళ, తోడు, గమ్యం, మితం, మార్పు — ఈ అయిదింటిని కుదుర్చుకున్నవారికి వ్యాయామం భారం కాదు. సంధ్యావందనం వలె నిత్యకృత్యమే అవుతుంది. ఈ నెలలోనే ఇంటిల్లిపాదీ కూర్చుని, వచ్చే యాత్ర తేదీని కాలెండరులో గుర్తుపెట్టుకోండి. రేపటి ఉదయం తొలి అడుగు చిన్నదైనా సరే, వేయండి.

శుభం భూయాత్.