రక్త పరీక్ష కాగితం జాతకం కాదు

ప్రియమైన తమ్ముళ్ళకు,

మేం ముగ్గురం ఈ హాస్టల్లోనే పదో తరగతి దాకా చదివి, తర్వాత ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసినవాళ్ళం. పోయిన ఏడాది హాస్టలుకు వచ్చినప్పుడు తొమ్మిదో తరగతి తమ్ముడొకడు మడతలు పడిన రిపోర్టు తెచ్చి చూపించాడు. వాళ్ళ నాన్నకు నాలుక పక్కన క్యాన్సర్ పుండు. "ఈ లెక్క ఐదు దాటితే బతకరని ఎవరో చెప్పారన్నా. నాన్న ఆపరేషన్ దండగ అంటున్నాడు" అని ఏడ్చాడు. ఆ రోజు వాడికి చెప్పిందే మీ అందరికీ రాస్తున్నాం.

ముందు ఆ లెక్క ఏమిటో చూద్దాం. మన రక్తంలోని తెల్ల కణాల్లో ముఖ్యమైనవి రెండు. న్యూట్రోఫిల్స్ సుమారు 40 నుంచి 70 శాతం, లింఫోసైట్స్ 20 నుంచి 40 శాతం ఉంటాయి. మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. 60ని 30తో భాగిస్తే 2. ఆ తమ్ముడి నాన్న రిపోర్టులో 78, 13 ఉన్నాయి. అంటే 6.

ఈ సంఖ్యకు అర్థం ఉంది. క్యాన్సర్ గడ్డ చుట్టూ వాపు లాంటి స్థితి ఏర్పడుతుంది. దానివల్ల న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి. వాటిలో కొన్ని గడ్డకు కొత్త రక్తనాళాలు పుట్టడానికి తోడ్పడతాయి. క్యాన్సర్ కణాలను వెతికి చంపే పని లింఫోసైట్స్‌ది. అవి తగ్గితే కాపలా తగ్గినట్టే. తల, మెడ క్యాన్సర్ రోగులపై జరిగిన అనేక అధ్యయనాల్లో, చికిత్సకు ముందు ఈ నిష్పత్తి ఎక్కువగా ఉన్నవారికి ఫలితాలు సగటున తక్కువగా కనిపించాయి.

అయితే సగటు వేరు, మనిషి వేరు. పంటి చీము, జ్వరం, స్టెరాయిడ్ మందు ఏది ఉన్నా ఈ సంఖ్య పెరుగుతుంది. ఎంత దాటితే ప్రమాదమో అన్ని అధ్యయనాలూ ఒకే హద్దు చెప్పలేదు. గడ్డ ఎంత పెద్దది, మెడ గ్రంథులకు పాకిందా, దూరపు అవయవాలకు చేరిందా అన్నవే డాక్టర్లకు ముఖ్యం.

హిమోగ్లోబిన్ కూడా ఇలాంటి సూచికే. రేడియేషన్ బాగా పనిచేయాలంటే గడ్డలో ఆక్సిజన్ ఉండాలి. రక్తహీనత ఉన్నవారిలో ఫలితం తగ్గడానికి ఇదొక కారణమని భావిస్తారు. మరి రక్తం పెంచే ఇంజెక్షన్ ఇస్తే సరిపోతుంది కదా? 2003లో 'లాన్సెట్' పత్రికలో వచ్చిన అధ్యయనంలో 351 మంది తల, మెడ క్యాన్సర్ రోగులపై ఎరిత్రోపోయిటిన్‌ను పరీక్షించారు. అది తీసుకున్నవారిలో హిమోగ్లోబిన్ పెరిగింది. కానీ క్యాన్సర్ అదుపు తగ్గింది! గడియారం ముల్లు వెనక్కి తిప్పితే కాలం వెనక్కి పోదు గదా. సూచిక వేరు, కారణం వేరు. ఈ పాఠంలో గుర్తుంచుకోవలసింది ఇదే.

నేరుగా క్యాన్సర్ జాడ పట్టే పరీక్షలూ ఉన్నాయి. ముక్కు వెనక భాగంలో వచ్చే ఒక రకం క్యాన్సర్‌కు ఎప్స్టీన్-బార్ వైరస్‌తో సంబంధం ఉంది. హాంకాంగ్‌లో డెన్నిస్ లో బృందం రక్తంలో ఆ వైరస్ డి.ఎన్.ఎ.ను కొలిచింది. చికిత్స తర్వాత కూడా అది మిగిలి ఉంటే వ్యాధి తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. కానీ మన దగ్గర ఎక్కువగా కనిపించే, పొగాకువల్ల వచ్చే నోటి క్యాన్సర్‌కు ఈ పరీక్ష పనికిరాదు.

ఆ తమ్ముడి నాన్నకు పరీక్షనాడు పంటి చీము, జ్వరం ఉన్నాయి. అవి తగ్గాక మళ్ళీ చేస్తే 3 వచ్చింది. ఆ 3 కూడా హామీ కాదని, 6 కూడా తీర్పు కాదని డాక్టరుగారు విడమరచి చెప్పాక ఆయన ఆపరేషన్‌కు ఒప్పుకున్నారు. ఇప్పుడు మెత్తటి అన్నం తింటున్నారు. ఇంకా చెకప్‌లకు వెళ్తూనే ఉన్నారు.

తమ్ముళ్ళూ! గుట్కా, ఖైనీ ముట్టకండి. ఉత్తరాంధ్ర పల్లెల్లో అడ్డచుట్ట తాగే అమ్మమ్మలుంటే మాన్పించండి. నోట్లో పుండు మూడు వారాలైనా మానకపోయినా, తెల్లటి లేదా ఎర్రటి మచ్చ కనిపించినా, నోరు తెరుచుకోకపోయినా, మెడలో గడ్డ తగిలినా వెంటనే ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకెళ్ళండి. అన్ని సూచికలకన్నా ముందుగా వెళ్ళడమే మేలు చేస్తుంది. రిపోర్టు చదవడం నేర్చుకోండి, దాన్ని చూసి ధైర్యం మాత్రం వదులుకోకండి.

వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
మీ అన్నలు