పనిచోట సామాజిక మాధ్యమాలు: లాభనష్టాల విచారణ

ఏ కార్యాలయమైనా మాట మీదనే నడుస్తుంది. ఆ మాట ఒకప్పుడు కాగితం మీద ప్రయాణం చేసేది. జిల్లా కేంద్రం నుండి వచ్చిన ఉత్తర్వు తపాలులో చేరి, ఇన్‌వార్డు రిజిస్టరులో నంబరు పొంది, గుమాస్తా రాసిన నోటుతో కలిసి ఫైలులో అధికారి బల్ల మీదికి వచ్చేది. మరీ అవసరమైతే టెలిగ్రాం ఉండేది. ఆ సేవ మన దేశంలో 2013 జూలైలో ముగిసింది. నేడు అదే ఉత్తర్వు క్షణకాలంలో వందలాది మంది ఫోన్లకు ఏకకాలంలో చేరుతున్నది.

ఈ మార్పునకు కారణమైన సాధనాలు రెండు రకాలు. ఉద్యోగుల పరస్పర వ్యవహారం కొరకే రూపొందినవి మొదటి రకం. 2013లో వెలువడిన స్లాక్, 2017లో వచ్చిన మైక్రోసాఫ్ట్ టీమ్స్ ఇటువంటివి. మిత్రులు, బంధువులు మాట్లాడుకొనుటకు పుట్టి, క్రమంగా కార్యాలయాలలో ప్రవేశించినవి రెండవ రకం. 2009లో ప్రారంభమైన వాట్సాప్ ఇందుకు ముఖ్యమైన ఉదాహరణ. మన దేశంలో ప్రభుత్వ శాఖలలోను, చిన్న వ్యాపార సంస్థలలోను, పాఠశాలలలోను ఎక్కువగా కనిపించేది ఈ రెండవ రకమే. ఇంటి కొరకు పుట్టిన సాధనం కార్యాలయపు పనిముట్టు అయినది. దాని మేలు, కీడు రెండింటికీ మూలం ఇక్కడే ఉన్నది.

దూరాన్ని జయించిన సాధనం

మేలును ముందుగా చూద్దాం. గుండెపోటు వచ్చిన రోగికి ప్రతి నిమిషమూ విలువైనదే. గ్రామీణ ప్రాంతంలోని వైద్యుని వద్ద ఇ.సి.జి. యంత్రం ఉన్నా, దాని గీతలను చదివి చెప్పగల నిపుణుడు నగరంలో ఉంటాడు. కర్ణాటకలోని మంగళూరుకు చెందిన హృద్రోగ నిపుణుడు డాక్టర్ పద్మనాభ కామత్ ఈ లోటును తీర్చుటకు వాట్సాప్ గ్రూపులను ఉపయోగించారు. పల్లెలోని వైద్యుడు ఇ.సి.జి.ని ఫోటో తీసి గ్రూపులో పెట్టిన వెంటనే నిపుణులు దానిని చూసి సలహా ఇస్తారు. రోగిని పెద్ద ఆసుపత్రికి తరలించాలా, అక్కడనే చికిత్స చేయవచ్చునా అన్నది త్వరగా తేలిపోతుంది. ఇందుకు ఖరీదైన యంత్రాంగం అక్కరలేదు. అందరి చేతిలోను ఉన్న ఫోను చాలును.

ఇటువంటి ప్రయోజనం ఒక్క వైద్యరంగానికే పరిమితం కాదు. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు తీర గ్రామాల సిబ్బందికి ఒకేసారి కబురు అందుతుంది. తెగిన గట్టు, కూలిన స్తంభం ఎక్కడ ఉన్నవో ఫోటోతో సహా పై అధికారికి తెలుస్తుంది. 2020 మార్చిలో దేశమంతటా లాక్‌డౌన్ విధించినప్పుడు, మూతపడిన పాఠశాలల ఉపాధ్యాయులు అనేకులు ఈ గ్రూపుల ద్వారానే విద్యార్థులకు పాఠాలు పంపారు.

భాష విషయంలో కూడ ఒక మేలు ఉన్నది. అధికార లేఖలోని కఠినమైన పదజాలం చదివి గ్రహించలేని క్షేత్రస్థాయి కార్యకర్త, తన సందేహాన్ని తన మాటలోనే రికార్డు చేసి పంపవచ్చును. రాతకు వెనుదీసే వ్యక్తి మాటకు వెనుదీయదు. హైదరాబాదులోని నిర్మాణ స్థలంలో పనిచేసే ఒడిశా కార్మికుడు, అతనికి పని చూపే తెలుగు మేస్త్రి, బొమ్మల సాయంతోను, వచ్చీరాని హిందీలోను ఫోనులోనే పని చక్కబెట్టుకొనగలరు. పలు భాషల మన దేశంలో ఇది చిన్న విషయం కాదు.

చెరిగిపోయిన గడప

దూరాన్ని చెరిపిన ఈ సాధనం ఇంటికీ కార్యాలయానికీ నడుమ నున్న గడపను కూడ చెరిపివేసింది. ఒక ఆశా కార్యకర్తను ఊహించుకొనండి. 2005లో ప్రారంభమైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఏర్పడిన ఈ వ్యవస్థలో నేడు సుమారు 10 లక్షల మంది మహిళలు పనిచేస్తున్నారు. వారు నెల జీతపు ఉద్యోగులు కారు. వారికి ముట్టేది గౌరవ వేతనం, పనిని బట్టి లభించే ప్రోత్సాహకం మాత్రమే. పగలంతా ఇల్లిల్లూ తిరిగి వచ్చిన ఆమె రాత్రి పొయ్యి వెలిగించే వేళకు ఫోను మోగుతుంది. సర్వే ఫోటోలు వెంటనే పంపమని గ్రూపులో ఆదేశం. ఫోను తనది, రీచార్జి సొమ్ము కూడ తనదే అయిన చోట, ఆమె విశ్రాంతితో పాటు సంపాదనలో కొంత భాగం కూడ ఆ పనికే పోతుంది. పంపని వారి పేర్లను అందరి ఎదుట ప్రకటిస్తే దానికి అవమానం కూడ తోడవుతుంది. గదిలో పిలిచి చెప్పవలసిన మందలింపు నలుగురిలో బహిరంగ శిక్షగా మారుతుంది.

సందేశం పక్కన నీలిరంగు గీతలు పడితే చదివినట్లే గాని, అర్థమైనట్లు కాదు. బొటనవేలు బొమ్మ పెట్టినంత మాత్రాన అంగీకరించినట్లూ కాదు. కాని పై అధికారి చెప్పిన మాటకు గ్రూపులో అభ్యంతరం తెలుపగల కింది ఉద్యోగులు అరుదు. కనుక అందరి మౌనమూ సమ్మతిగా లెక్కకు వస్తున్నది.

పనివేళల తరువాత సందేశాలకు బదులివ్వకుండుట ఉద్యోగి హక్కు అన్న భావన ఇప్పుడు చట్టాలలోకి వచ్చింది. ఫ్రాన్సులో 2017 జనవరి నుండి 50 మందికి మించిన సంస్థలు ఈ విషయమై ఉద్యోగులతో చర్చించవలసి ఉన్నది. ఆస్ట్రేలియాలో ఇటువంటి హక్కు 2024 ఆగస్టులో అమలులోకి వచ్చింది. మన లోక్‌సభలో 2018 డిసెంబరులో సుప్రియా సూలే ఈ ఆశయంతోనే ఒక ప్రైవేటు సభ్యుని బిల్లును ప్రవేశపెట్టారు. అయితే అది చట్టం కాలేదు.

ఫైలుకు ఎక్కని నిర్ణయం

రెండవ నష్టం కంటికి కనిపించదు, కాని దాని ప్రభావం చాలాకాలం ఉంటుంది. ఫైలులో ఎవరు ఏమి రాశారో, ఏ తేదీన ఎవరు సంతకం చేశారో నిలిచి ఉంటుంది. అధికారి బదిలీ అయినా ఫైలు ఆ కార్యాలయంలోనే ఉంటుంది. ఫోనులోని గ్రూపు మాత్రం అధికారితో పాటు వెళ్లిపోతుంది. సందేశాలను చెరిపివేయవచ్చును, ఫోను పోవచ్చును. ఐదేళ్ల తరువాత ఒక రైతు తన పేరు జాబితాలో లేకపోవుటకు కారణం అడిగితే, ఆ నిర్ణయం ఏ గ్రూపులో ఎవరు చేశారో చెప్పగలవారు ఉండరు.

1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం కంప్యూటరు వంటి సాధనాల ద్వారా తయారైన వాటిని కూడ రికార్డులుగానే పరిగణించింది. 2005 నాటి సమాచార హక్కు చట్టం ఈ-మెయిళ్లను సైతం సమాచారంలో చేర్చింది. రికార్డు నిలిచినప్పుడే ఆ హక్కు పౌరునికి అక్కరకు వస్తుంది. నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ 2021లో ప్రభుత్వ సిబ్బంది కొరకు సందేశ్ అనే వేదికను ప్రవేశపెట్టింది. అయినప్పటికీ సాధనం మారినంత మాత్రాన అలవాటు మారదు.

రోగి ముఖం, శిశువు బరువు, ఆధార్ కార్డు ప్రతి వంటి వివరాలు వందమంది ఉన్న గ్రూపులో ప్రత్యక్షమగుట మూడవ నష్టం. పని ముగిసినా ఆ చిత్రాలు అందరి ఫోన్లలో ఉండిపోతాయి. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో పార్లమెంటు చట్టం చేసినా, చేతిలోని ఫోటోను పంపే ముందు ఆగి ఆలోచించుట మనిషి పనియే.

న్యాయస్థానం చూపిన వివేకం

ఏ పనికి ఈ సాధనం తగును, దేనికి తగదు అన్న ప్రశ్నకు సుప్రీం కోర్టు ఉత్తర్వులు రెండింటిని పక్కపక్కన పెట్టి చూడవచ్చును. కోవిడ్ వలన తపాలా కార్యాలయాలకు వెళ్లుట కష్టమైన 2020 జూలైలో, ఈ-మెయిలుతో పాటు వాట్సాప్ వంటి మార్గాలలో కూడ నోటీసులను, సమన్లను అందించుటకు న్యాయస్థానం అనుమతించింది. కాని 2025 జనవరిలో, నిందితుని హాజరు కోరుతూ పోలీసులు ఇచ్చే నోటీసును వాట్సాప్ ద్వారా పంపరాదని, చట్టం నిర్దేశించిన పద్ధతిలోనే అందించాలని ఆదేశించింది. ఆ నోటీసును పాటించకపోతే మనిషి అరెస్టు కావచ్చును. వ్యక్తి స్వేచ్ఛ ముడిపడిన చోట వేగం కన్న నిశ్చయం ముఖ్యం.

ఈ వివేకాన్నే ప్రతి కార్యాలయమూ అలవరచుకొనవచ్చును. కబురు గ్రూపులో వెళ్లవచ్చును, నిర్ణయం ఫైలుకు ఎక్కాలి. ప్రాణాపాయం, ప్రకృతి వైపరీత్యం వంటివి తప్ప తక్కినవి మరునాటి ఉదయానికి ఆగాలి. పొగడ్త నలుగురిలో ఉండవచ్చును, మందలింపు ఏకాంతంలో జరగాలి. పని కొరకు సొంత ఫోను వాడే వారికి దాని ఖర్చును సంస్థ భరించాలి. ఇవి అమలు కావలెనంటే ముందుగా పై అధికారియే పాటించాలి. రాత్రి పది గంటలకు ఆయన పంపిన సందేశం ‘తొందర లేదు’ అని చెప్పినా, దానిని చదివిన వారికి నిద్ర పట్టదు.

మంగళూరు గ్రూపులో అర్ధరాత్రి మోగిన ఫోను ఒక ప్రాణాన్ని నిలుపగలదు. ఆశా కార్యకర్త ఇంట మోగినది ఉదయం వరకు ఆగగల లెక్క మాత్రమే. ఈ రెండింటి మధ్య భేదాన్ని గుర్తించవలసినది ఫోను కాదు, దానిని చేతిలో పట్టుకొన్న మనిషి. రేపు కార్యాలయాలలో అడుగుపెట్టనున్న విద్యార్థులు పనితో పాటు నేర్చుకొనవలసినది ఈ విచక్షణనే.