జీర్ణోద్ధరణ

ఉద్దేశం : వాడుక తప్పిన పాత కట్టడాలను ప్రజోపయోగకరంగా పునరుద్ధరించడంలోని విలువను విద్యార్థులకు తెలియజేయడం.

కొత్త గుడి కట్టించడం కంటే పాడుపడిన గుడిని బాగు చేయించడం మిన్న అని మన పెద్దల విశ్వాసం. దానినే జీర్ణోద్ధరణ అన్నారు. ఈ ధర్మం దేవాలయాలకే కాక పశువుల కొట్టాలకూ వర్తిస్తుందని చాటే చోటు ఒకటి అమెరికాలో, వెర్మాంట్ రాష్ట్రంలో ఉంది. అదే షాంప్లేన్ సరస్సు తీరాన ఉన్న షెల్బర్న్ వ్యవసాయ క్షేత్రం.

1886లో విలియం సీవార్డ్ వెబ్, లైలా వాండర్‌బిల్ట్ వెబ్ దంపతులు అక్కడి చిన్న చిన్న కమతాలను కొని, ఆదర్శ వ్యవసాయ క్షేత్రాన్ని నెలకొల్పారు. అది క్రమంగా 3,800 ఎకరాలకు విస్తరించింది. రాబర్ట్ రాబర్ట్‌సన్ అనే వాస్తుశిల్పి అక్కడ బ్రహ్మాండమైన శాలలు నిర్మించాడు. ఒక్క అశ్వశాల పొడవే 400 అడుగులకు పైమాట. మేలుజాతి గుర్రాలను వృద్ధి చేయాలన్నది వెబ్ సంకల్పం. కాని కాలం కలిసిరాలేదు. యంత్రాలు వచ్చాయి, గుర్రానికి గిరాకీ తగ్గింది. సిరి తరిగిన కొద్దీ శాలలు శిథిలం కాసాగాయి.

ఇటువంటి ఆస్తి వారసుల చేతికి వస్తే సాధారణంగా ముక్కలై అమ్ముడుపోతుంది. వెబ్ దంపతుల మునిమనుమలు ఆ దారి పట్టలేదు. 1972లో విద్యాసేవ కోసం లాభాపేక్షలేని సంస్థను స్థాపించారు. 1984లో ఆస్తి ఆ సంస్థకు సంక్రమించింది.

వారు శాలలను బాగు చేసి, తాళం వేసి ఉంచలేదు. వాటికి పని కల్పించారు. పూర్వం కంచరగాడిదలు మేసిన చోట నేడు బాలబాలికలు పాలు పితకడం నేర్చుకుంటున్నారు. అక్కడి ఆవుల పాలతోనే చీజు తయారవుతున్నది. వెబ్ దంపతుల భవనం 1987 నుండి అతిథిగృహమైంది. ఈ రాబడి విద్యా కార్యక్రమాలకు తోడ్పడుతున్నది. నేడు మిగిలినది సుమారు 1,400 ఎకరాలే అయినా, 2001లో ఆ క్షేత్రం జాతీయ చారిత్రక స్థలంగా గుర్తింపు పొందింది.

అయితే రక్షణ ఒకనాటితో ముగిసే పని కాదు. 2016లో అక్కడి పాత పాడిశాల అగ్నికి ఆహుతైంది. శతాబ్దం నిలిచిన కట్టడం పోవడానికి ఒక్క పూట చాలు. అందుకే ఉన్నవాటిపై నిత్యం కన్ను వేసి ఉంచాలి. కట్టడానికి నిజమైన కాపలా మనుషుల రాకపోకలే. మనిషి అలికిడి లేని ఇంట చెద చేరుతుంది.

చెరువు, వనం, ఆలయం మొదలైనవాటిని మన పూర్వులు కన్నకొడుకుతో సమానంగా సప్తసంతానాలలో చేర్చారు. పదిమందికీ పనికివచ్చేదే వంశాన్ని నిలుపుతుందని వారి భావం. పంచుకుంటే తరిగిపోయే ఆస్తిని పదిమందికీ పంచి, షెల్బర్న్ వారసులు తమ పూర్వుల పేరు నిలిపారు.

అర్థాలు
జీర్ణం = శిథిలమైనది
కమతం = సాగుభూమి
ఆహుతి = అగ్నికి అర్పణమైనది

ప్రశ్నలు
1. వెబ్ వారసుల నిర్ణయంలోని ఔచిత్యాన్ని వివరించండి.
2. మీ ఊరిలో వాడుక తప్పిన ఒక పాత కట్టడాన్ని ప్రజలకు ఎలా ఉపయోగపడేట్లు చేయవచ్చో రాయండి.