గడియారం మారలే, మూతులు మారినయి

మర్పల్లి

చిరంజీవి బిడ్డకు,

పెద్దనాయిన దీవించి రాసేది. మీ పెద్దమ్మకు మోకాళ్ల నొప్పి జర నయం. పత్తి రెండోసారి ఏరుడు అయిపోయింది. కంది పూత మీదున్నది, మొగులు పట్టకుంటే కాత మంచిగనే నిలుస్తది.

మొన్న నువ్వు ఫోన్ల అడిగినదానికి నేను జవాబు చెప్పలే. అలిగిననుకున్నవేమో. అలుగుడు సంగతి కింద చెప్త. ఫోన్ల అయితే నేను సగం చెప్పేలోపల్నే మీ పెద్దమ్మ గుంజుకొని "తిన్నవా బిడ్డా" అంటది, మాట అక్కడికే తెగుతది. అందుకే కాయితం పట్టిన.

నాకు అర్థమైన సంగతి ఇది. ఆరేండ్లు నౌకరి చేసినవు. సొంత సంపాదనల నీ కోసం ఒక్క ఖరీదైన వస్తువు కొందామనుకున్నవు. గ్రాండ్ సీకో అనే జపాను గడియారం మీద మనసు పడ్డది. ఆఫీసుల చెప్తే తోటోళ్లు "సీకోకు అన్ని లక్షలా? ఇంకింత కలుపు, రోలెక్సే వస్తది" అని నవ్విన్రు. ఇంట్ల చెప్తే మీ అమ్మ ఆ పైసలకు ఎన్ని గుంటల భూమి వస్తదో లెక్కగట్టి నెత్తి పట్టుకున్నది. అక్కడ గడియారం చిన్నదైపోయింది, ఇక్కడ ఖర్చు పెద్దదైపోయింది. ఈ రెండింటి నడుమ నీకు దాని మీదున్న ఇష్టం నలిగిపోయింది. నీ గొంతుల నాకు అదే వినవడ్డది.

సలహా అడిగినవు గాబట్టి ముందుగాల నా తప్పు చెప్పుకుంట.

నా పెండ్లి 1979ల అయింది. ఆ కాలంల పిల్లనిచ్చేటోళ్లు గడియారం, సైకిలు, రేడియో పెడుతుండిరి. మామ నాకు హెచ్.ఎం.టి. జనతా తెచ్చిండు. చావి తిప్పే గడియారం, తెల్ల ముఖం, తోలు పట్టీ. దాన్ల వంక పెట్టేటందుకు ఏం లేకుండె. కానీ అంతకు ఆర్నెల్ల ముందుగాల నా దోస్తు పెండ్లిల వానికి కాంచన్ పెట్టిన్రు. కాంచన్ ఆటోమేటిక్, చెయ్యి ఆడితే చాలు, దానంతటదే చావి ఎక్కుతది. పెండ్లికొడుకుల గడియారమని పేరు, దుకాణంల అడుగంగనే దొరికేది గాదు. జనతా డబ్బ తెరువంగనే నా ముఖం మాడింది. పీట మీదికి రానని కూసున్న. మామ అందరి ముందట రెండు చేతులు జోడించి "నెల గడువియ్యి అల్లుడా" అన్నడు. నెల తిరుగకముందే పట్నం పోయి కాంచన్ తెచ్చి నా చేతుల పెట్టిండు. జనతా తన చేతికి కట్టుకున్నడు.

ఎట్ల కొన్నడో నేను అడుగలే. పదకొండేండ్లకు ఒకనాడు మీ పెద్దమ్మ బియ్యంల రాళ్లేరుకుంట, తల ఎత్తకుండనే చెప్పింది. ఇంట్లున్న ఒక్క పాడిబర్రెను అమ్మిండంట. ఆ యేడంత ఆమె చిన్న తమ్మునికి పాలు లేకుండె.

ఆ కాంచన్‌ను నేను ఎట్ల పెట్టుకున్ననో గూడ విను. చొక్కా చేతులు మోచేతి దాక మడిచేటోన్ని. సంతల బేరం చేస్తే ఎడమచెయ్యే చాపేటోన్ని. స్టేషన్ల బీదర్ దిక్కు పొయ్యే రైలు కోసం నిలబడితే ఎవరన్న టైం అడుగుతరా అని చూసేటోన్ని. అడుగకుంటే నేనే గట్టిగ చెప్పేటోన్ని. రెండేండ్లకు అదే ప్లాట్‌ఫారం మీద దుబాయి నుంచి వచ్చినాయన ఒకడు దిగిండు. చేతికి సీకో. తారీకు, వారం గూడ చూపెట్టేది. జనమంత ఆయన చుట్టు మూగిన్రు. నేను మడిచిన చేతులు మెల్లగ కిందికి దింపుకున్న. నా గడియారం నడుస్తనే ఉన్నది, నా సంబురమే ఆగిపోయింది. అది నా సంబురం గాదు మరి, చూసేటోళ్లది. వాళ్లు ముఖం తిప్పంగనే వాళ్లెంట పోయింది.

ఆ కాంచన్ ఇప్పుడు ఎక్కడున్నదో తెల్వది. ఇల్లు మారినప్పుడు పోయినట్టున్నది. నేను వెతకలే.

ఇప్పుడు తమాష చూడు. మా ప్లాట్‌ఫారం మీద సీకో పేరు చెప్తే నోరు తెరిచేటోళ్లం. మీ ఆఫీసుల సీకోనా అని మూతి ముడుస్తున్నరు. నలభై ఏండ్లల్ల గడియారం మారలే, మూతులు మారినయి. ఆ మూతులను చూసుకుంట నువ్వు ఏది కొన్నా, ఇంకో పదేండ్లకు అవి మళ్ల మారుతయి.

ఇంకో మాట. రోజూ మియాపూర్ల ఆల్విన్ చౌరస్తా దాటుతవు గదా, ఆ పేరు ఎక్కడిదో ఎన్నడన్న అడిగినవా? ఆల్విన్ 1942ల, నిజాం కాలంల పుట్టిన కంపెనీ. తర్వాత సర్కారుదయింది. బస్సు బాడీలు, ఫ్రిజ్‌లు, స్కూటర్లు చేసింది. మన రైలు లైన్లనే ఉన్న జహీరాబాదుల నిస్సాన్‌తోని కలిసి చిన్న లారీలు చేసింది. 1981ల సీకోతోని జత కట్టి హైదరాబాదుల చేతిగడియారాలు మొదలువెట్టింది. ఆల్విన్ ట్రెండీ అంటే అప్పటి కాలేజి పోరగాండ్లకు మోజు. ఇప్పుడు ఆ గడియారాలు లేవు, చౌరస్తాకు పేరు మాత్రం మిగిలింది. ఆ చౌరస్తా ట్రాఫిక్కుల ఇరుక్కొని సీకోను చూసి నవ్వేటోళ్లకు, సీకో పని మన పట్నంల మనోళ్ల చేతులు నేర్చిన పనే అని తెల్వదు.

సీకో నిన్న మొన్నటిది గాదు. 1881ల హట్టోరి కింటారో అనేటాయన టోక్యోల పెట్టిన దుకాణంతోని మొదలైంది. గ్రాండ్ సీకో వచ్చింది 1960ల. స్విట్జర్లాండుల గడియారాలు ఎంత కచ్చితంగ నడుస్తయో పరీక్షించే పోటీలుంటుండె. 1964ల న్యూషాటెల్ పోటీకి జపానోళ్లు పోతే వచ్చింది 144వ స్థానం. ఇంటికి మర్లి వచ్చి మళ్ల పనిల కూసున్నరు. నాలుగేండ్లకు, 1968ల, జెనీవా పోటీల నాలుగు నుంచి పది దాక స్థానాలన్ని వాళ్లయే. 1969 డిసెంబరు 25న ప్రపంచంల మొదటి క్వార్ట్జ్ చేతిగడియారం అమ్మకానికి పెట్టింది గూడ వాళ్లే. ఆ దెబ్బకు స్విస్ గడియారాల పరిశ్రమే అల్లాడింది.

గ్రాండ్ సీకోల నువ్వు మెచ్చిన రకం, స్నోఫ్లేక్, దాని కథ ఇంకా బాగుంటది. మామూలు చావి గడియారంల స్ప్రింగు బలాన్ని ఒక చిన్న చక్రం అటిటు ఊగుకుంట కొంచెం కొంచెం వదులుతది, టిక్ టిక్ చప్పుడు దానిదే. మా జనతాల అయితే సెకండుకు అయిదు దెబ్బలు. నీ గడియారంల బలం స్ప్రింగుదే, బ్యాటరీ లేదు. కానీ ఆ ఊగే చక్రం జాగల ఒకటే దిక్కు తిరిగే చక్రం పెట్టిన్రు. అది సెకండుకు ఎనిమిది చుట్లు తిరుగుకుంట తన కరెంటు తనే పుట్టించుకుంటది. ఆ కరెంటుతోని ఒక క్వార్ట్జ్ ముక్క పనిచేసి, చక్రం ఎక్కువ తిరుగకుండ అయస్కాంతం బ్రేకు వేస్తది. కచ్చురం దిగుడుకొస్తే తాత ఎడ్ల పగ్గాలు పట్టి ఆపినట్టు. అందుకే దాని సెకండు ముల్లు ఎగరదు, నీళ్ల మీద ఆకు పోయినట్టు పోతది. నెలకు తేడా పదిహేను సెకండ్లకు మించదు. ఈ ఆలోచన అకహానె యోషికాజు అనే ఇంజనీరుకు 1977ల వస్తే, ఆరు వందలకు పైగ నమూనాలు చేసి చేసి, 1999ల గాని దుకాణంలకు రాలే.

నువ్వు పంపిన ఫోటో పెద్దగ చేసుకొని చూసిన. దాని ముఖం మీదియి జపానుల షిన్షు దిక్కు కురిసిన మంచు మీద గాలి పోతే పడే గీతలంటివి. నేను మంచు చూసినోన్ని గాదు. నాకైతే మన కింది చెల్క పత్తి పగిలినంక పొద్దుగాల కనవడినట్టున్నది. దాని మీద నీలం ముల్లు. నీకు ఎందుకు నచ్చిందో ఆ పొద్దు తెలిసింది.

నీకు ఆరేండ్లున్నప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియం తోల్కపోయిన, యాదికున్నదా? కుక్ అండ్ కెల్వీ గడియారం ముందట పన్నెండు గొట్టంగ చూస్తమని జనమంత కూసున్నరు. నువ్వు నా భుజాల మీదున్నవు. గంట కొట్టే చిన్న మనిషి తలుపు తీసుకొని బయటికి రాంగనే "పెద్దనాయినా, లోపల ఆయన ఏం తింటడు" అని అడిగినవు. చుట్టూ ఉన్నోళ్లంత నవ్విన్రు. అక్కడ కూసున్న వందల మందిల గడియారం ఏ కంపెనీదని అడిగినోడు ఒక్కడు లేడు. ఆనాడు నీ కండ్లల్ల ఉన్నదే గడియారం సంబురం. దుకాణంల ఆ గడియారం చేతికి పెట్టుకున్నప్పుడు అది మళ్ల వస్తదా రాదా, అదొక్కటే చూసుకో. వస్తే కొను. రాకుంటే రోలెక్స్ ఊర్కెనే ఇచ్చినా నీకు దండుగనే.

అట్లని రోలెక్స్‌ను తిట్టకు. పేరును మొక్కుడు ఎట్ల రోగమో, పేరున్నదని ఈసడించుడు గూడ అట్లనే రోగం. 1926ల నీళ్లు సొర్రని గడియారం, 1931ల చెయ్యి ఆడుతుంటే లోపల చుట్టు తిరిగి చావి ఎక్కించే బరువు, ఇవి వాళ్లు చేసినయి. నేను అలిగి తెప్పించుకున్న కాంచన్‌కు తాత అదే. పేరు ఊరికెనే రాదు బిడ్డా. తాండూరు కందికి 2022ల జీఐ గుర్తింపు వచ్చిందంటే, ఆ మట్టి, ఆ నాపరాయి నేల, తరాల రైతులు దాని వెనుక ఉన్నరు. కానీ పప్పు తినేటప్పుడు సంచి మీది ముద్ర తినం గదా. తోటోళ్లల్ల ఎవరన్న మనసువడి రోలెక్స్ కొంటే వాని చెయ్యి పట్టుకొని చూసి మెచ్చుకో. అట్ల మెచ్చుకోగలిగితే, వాళ్ల మాట నీకు ఇగ తగలదు.

మీ అమ్మ సంగతి. ఆమెతోని "ఇది పెట్టుబడి" అని చెప్పకు. ఆ మాట అబద్ధం. చాన గడియారాల ధర దుకాణం గడప దాటంగనే తగ్గుతది. ఒకటి రెండు కంపెనీల కొన్ని రకాలు పెరిగినయని విని ఆశపడకు. "అమ్మా, ఇది నా సంబురానికి" అని నేరుగ చెప్పు. ఆమె ఒకపూట మాట్లాడదు, తర్వాత మాట్లాడుతది. అబద్ధం చెప్పి కొంటే, చెయ్యి చూసుకున్నప్పుడల్ల ఆ అబద్ధమే కనవడుతది. అయితే ఆమె భయంల గూడ నిజమున్నది. కరువు చూసినోళ్లం, చేతుల పైసలు లేకుంటే ఎట్లుంటదో మాకెరుక. అందుకే నా షరతు ఒక్కటి. కిస్తులల్ల కొనకు. గడియారం కొన్నంక గూడ ఆర్నెల్లు నౌకరి లేకున్నా నడిచేటన్ని పైసలు బ్యాంకుల ఉండాలె. లేకుంటే ఇంకో ఏడాది ఆగు. అంతల్ల మోజు తగ్గితే అది ఉత్త మోజే, తగ్గకుంటే కొను.

కొనేటప్పుడు చూసుకునేటియి: కంపెనీ ఒప్పుకున్న దుకాణంలనే కొను. రెండు లక్షలు దాటితే పాన్ నంబరు అడుగుతరు, ఇయ్యి. రెండు లక్షలు, ఆపైన నగదుగ తీసుకునుడు చట్టం ఒప్పదు, ఎవడన్న "క్యాష్ ఇస్తే తగ్గిస్త" అంటే అక్కడి నుంచి లేచి రా. 2025 ఏప్రిల్ 22 నుంచి పది లక్షలు దాటిన గడియారం మీద ఒక్క శాతం పన్ను ముందుగాల పట్టుకుంటున్నరు, నీది అంత దాక పోదు. వారంటీ కార్డు మీది నంబరు, గడియారం వెనుకనున్న నంబరు ఒకటేనా చూడు. స్నోఫ్లేక్ 41 మిల్లీమీటర్లది, నీ మణికట్టు సన్నం. టైటానియం గాబట్టి బరువుండదు గని, పెద్దగ కనవడొచ్చు. పెట్టుకొని అద్దంల గాదు, చెయ్యి దించి నాలుగడుగులు నడిచి చూసుకో. గాజులున్న చేతికి పెట్టకు, గీతలు పడతయి. స్పీకర్ల మీద, అయస్కాంతం ఉన్న సంచి మీద పెట్టకు. కొన్నేండ్లకోసారి సర్వీసు ఖర్చుంటది, ధరల అది గూడ కలుపుకొని లెక్క జూసుకో.

గీతలు పడితే ఏడువకు. డబ్బల దాచిపెట్టి పండుగకు తీస్తే అది గడియారం గాదు, నగ.

చివరికి మామ సంగతి చెప్త. ఆయన ఆ జనతాను పోయేదాక పెట్టుకున్నడు. మైలదినాలు అయినంక అత్త దాన్ని తువ్వాలల చుట్టి నాకిచ్చింది, "ఇది నీకు తెచ్చిందే గదా" అని. ఆ మాట అనేటప్పుడు ఆమె గొంతుల కోపం లేదు. నేను అక్కడ నిలబడలేకపోయిన. అప్పటి నుంచి పొద్దుగాల చాయ తాగేముందు దానికి చావి ఇస్తున్న. వేళ్లకు బిగువు తగిలే దాక తిప్పి ఆపాలె, ఇంకొంచెం అన్నవా తెగుతది. రోజుకు రెండు నిమిషాలు వెనుకవడతది. ముఖం మీద ఒకచోట పసుప్పచ్చ మరక ఉన్నది, ఆయన చెమటదో, చెల్కల తడిసినదో. దాన్ని ఎవరికీ చూపెట్టలే ఇప్పటిదాక. నువ్వే మొదటిదానివి అయితవు.

కొన్నంక ఒక ఆదివారం రైలెక్కి రా. నీది, నాది రెండూ అరుగు మీద పక్కపక్కన పెడుదాం. మొగులు లేకుంటే ఎండ మంచిగ పడుతది, మంచు మీది గీతలు నాకు సక్కగ కనవడతయి.

మీ పెద్దమ్మ నీకోసం సకినాలు చేస్తదంట. మీ అమ్మకు ఈ ఉత్తరం చదివి వినిపియ్యి, పాడిబర్రె సంగతి గూడ దాచకు.

దీవెనలతో,
నీ పెద్దనాయిన